క్రాంకు వంకర తీసిన నాలుగు ఆదివారాలు

పోయిన వేసవిలో పెట్రోలు చైను రంపంతో ఎండిన చింత మొద్దు కోస్తుంటే, లోపల ఎప్పుడో దిగిపోయిన ఇనుప మేకు చైనుకు తగిలింది. ఫుల్ స్పీడులో ఉన్న రంపం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. చైను మారిస్తే మళ్లీ స్టార్టయింది గానీ, అప్పట్నుంచి దాని అదురే వేరు. పది నిమిషాలు పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కేవి. చిత్తూరు పక్కన మా తోతాపురి తోటలో కాయ దిగాక కొమ్మల కత్తిరింపంతా దీంతోనే చేయాలి. అందుకే ఈసారి ఇంజను పూర్తిగా విప్పాను.

మనసులో ఉన్నది మాత్రం రిపేరు కాదు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) పెంచడం. వెర్నియరుతో కొలిస్తే బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 45.2 మి.మీ., క్రాంకు (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) పిన్ను మధ్య నుంచి షాఫ్టు మధ్యకు 17, అంటే స్ట్రోకు 34. లెక్క కడితే 54.6 సీసీ. డబ్బా మీద మాత్రం 58 అని ఉంది! పిన్నును 1 మి.మీ. బయటికి జరిపితే స్ట్రోకు 36 అవుతుంది, 57.8 సీసీ వస్తుంది. వారం రోజులు ఇదే ధ్యాస.

క్రాంకు పట్టుకుని టౌనులో నాకు తెలిసిన లేత్ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన వెబ్బును (పిన్నును పట్టి ఉంచే పక్క పళ్లెం) అటూ ఇటూ తిప్పి చూసి, "1 మి.మీ. పక్కన కొత్త రంధ్రం యాడ వేస్తావు నాయనా? పాత రంధ్రంలోనే పడిపోతుంది. ఎక్సెంట్రిక్ పిన్ను, అంటే నడుము పక్కకి జరిగిన పిన్ను చేయించాల. పిస్టన్ 1 మి.మీ. పైకెక్కి హెడ్డుకు కొట్టుకుంటుంది, సిలిండరు కింద ప్లేటు వేయాల. అవన్నీ తర్వాత. ముందు ఇది తిన్నగా ఉందో లేదో చూద్దాం" అన్నాడు.

లేత్ సెంటర్ల మధ్య పెట్టి, బేరింగు కూర్చునే చోట డయల్ గేజ్ ఆనించి చేత్తో మెల్లగా తిప్పాం. ఫ్లైవీలు వైపు ముల్లు 0.09 మి.మీ. ఆడింది, క్లచ్చు వైపు 0.07. ఒకవైపు ఎత్తు చూపించే చోటే రెండో వైపు పల్లం చూపిస్తోంది. ఈ రంపం క్రాంకు ఒకే ముక్క కాదు. రెండు వెబ్బుల్లోకి పిన్నును ప్రెస్సుతో దిగ్గొట్టి కలుపుతారు. మేకు దెబ్బకు ఒక వెబ్బు పిన్ను మీద వెంట్రుకవాసి తిరిగిపోయింది. ఇలా తిరిగితే ఎత్తూ పల్లం పిన్నుకు 90 డిగ్రీల్లో, ఒకదానికొకటి ఎదురుగా కనబడతాయి. రెండు వైపులా ఒకే దిక్కున ఎత్తు చూపిస్తే అది వేరే జబ్బు. వెబ్బులు దగ్గరికి నొక్కుకున్నాయనో, విచ్చుకున్నాయనో అర్థం. అప్పుడు మధ్యలో ఆప్పు (చీల) దిగ్గొట్టడమో, వైసులో బిగించడమో చేయాలి.

ఎత్తున్న చోట స్కెచ్చుపెన్నుతో గుర్తు పెట్టి, సెంటర్ల నుంచి తీసి, క్రాంకును ఎడమ చేత్తో గాల్లో పట్టుకుని రాగి సుత్తితో వెబ్బు అంచు మీద ఒకే దెబ్బ. మళ్లీ సెంటర్లకు ఎక్కించి కొలత. నా మొదటి దెబ్బ గట్టిగా పడి ముల్లు అవతలి వైపుకు పోయింది. "చేతి బలం కాదు, ముల్లు మాట వినాల" అని మేస్త్రి సుత్తి తీసుకున్నాడు. పదకొండో దెబ్బకు రెండు వైపులా 0.02 లోపలికి వచ్చింది. ఇంత బాగా చేసిన పని నేను దగ్గరుండి చూసి చాలా రోజులైంది.

మూడో ఆదివారం బిగింపు. బేరింగులు రెండూ 6202, సీ3 రకం (లోపల సందు కాస్త ఎక్కువ ఉండేవి) కొత్తవి. కేసును వేడి చేస్తే బేరింగు దానంతట అదే జారి కూర్చుంటుంది, సుత్తి అక్కర్లేదు. ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డరు తీగ దూర్చి, తాడు లాగి నలగ్గొట్టి కొలిస్తే స్క్విష్ (పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్డుకూ దానికీ మధ్య మిగిలే సందు) 1.2 మి.మీ. వచ్చింది. సిలిండరు కింద 0.5 గాస్కెట్ తీసేసి సీలెంటు పూశాను, 0.7కి దిగింది. సిలిండరు దిగినందువల్ల ఎగ్జాస్టు పోర్టు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, కోతలో లాగుడు పెరుగుతుంది.

గాలి లీకు చూడటానికి అమ్మ బీపీ మిషన్ వాడాను. కార్బురేటరు, సైలెన్సరు దారులను సైకిలు ట్యూబు ముక్కలతో మూసి, గుల్ల చేసిన పాత ప్లగ్గుకు దాని పైపు తొడిగి 200 దాకా ఊదితే, రెండు నిమిషాల్లో 140కి పడిపోయింది. సబ్బు నీళ్లు రాస్తే ఫ్లైవీలు వైపు సీలు దగ్గర బుడగలు. పాత సీలునే మళ్లీ వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆ సందులోంచి గాలి పీలిస్తే మిశ్రమం పలచబడి పిస్టన్ పట్టేస్తుంది. సీలు మార్చాక ముల్లు కదల్లేదు.

నాలుగో ఆదివారం తోటకు తీసుకెళ్లాను. ఇది ఎర్రచందనం నేల, రంపం బండిలో కనబడితే ఆపి అడుగుతారు. బిల్లు ఎప్పుడూ దగ్గరే ఉంచుకుంటాను. లీటరు పెట్రోలుకు 40 మి.లీ. టూటీ ఆయిలు కలిపాను. విప్పకముందు అడుగు మందం మామిడి దుంగ మీద మూడు కోతలకు సగటున 21 సెకన్లు పట్టింది. ఇప్పుడు అదే దుంగ, అప్పట్లాగే కొత్తగా ఆకురాయి పట్టిన చైను, 16 సెకన్లు. అంతకన్నా నాకు ముఖ్యం, అరగంట కోసినా వేళ్లు తిమ్మిరెక్కలేదు.

ఆరు ట్యాంకులు అయ్యాక సైలెన్సరు తీసి పిస్టన్ చూశాను. గీతల్లేవు, ప్లగ్గు ఇటుక రంగులో ఉంది. ఇప్పుడు పాత సామాన్ల కొట్లలో ఇలాంటిదే ఇంకో క్రాంకు కోసం వెతుకుతున్నాను. ఎక్సెంట్రిక్ పిన్ను ప్రయోగం దాని మీదే, ఈ క్రాంకు జోలికి మాత్రం పోను.