నేల తడిగానే ఉంది, బత్తాయి చెట్టు మాత్రం వాడిపోతోంది

చెట్టు కింద మట్టిలో వేలు పెడితే చల్లగా తగులుతోంది, అయినా మధ్యాహ్నానికల్లా ఆకులు ముడుచుకుపోయేవి. నీళ్లు చాలడం లేదనుకుని రెండో పూట కూడా పెట్టాం, ఎరువూ పెంచాం. ఆకు కొసలు మాడడం మొదలయ్యాక గానీ బోరు నీళ్లు పరీక్ష చేయించాలన్న ఆలోచన రాలేదు. ఈసీ, అంటే నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో చెప్పే విద్యుత్ వాహకత, మీటరుకు 2 డెసీసీమెన్స్ వచ్చింది.

అంటే లీటరుకు సుమారు 1.3 గ్రాముల ఉప్పు. నోట్లో పోసుకుంటే మరీ ఉప్పగా అనిపించదు, అందుకే మోసపోతాం. చెట్టుకు 100 లీటర్లు పెట్టిన ప్రతిసారీ 130 గ్రాముల దాకా ఉప్పు పోసినట్టే, నీళ్లేమో చెట్టు తాగేస్తుంది, ఎండ లాగేస్తుంది, ఉప్పు మాత్రం వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. అది నీటిని పట్టి ఉంచడంతో తడిలో ఉన్నా వేరుకు నీళ్లు అందవు. నిమ్మజాతి చెట్లు దీనికి అసలు తట్టుకోలేవు, నీళ్ల ఈసీ 1.1 దాటాక నారింజ దిగుబడి పడిపోవడం మొదలవుతుందని లెక్క.

దాహం ఒక్కటే అయితే పర్వాలేదు. ఉప్పులో ఉండే క్లోరైడ్ ఆకుల్లో చేరి కొస నుంచి అంచుల వెంట మాడ్చుకుంటూ వస్తుంది, తర్వాత ఆకు రాలి కొమ్మ ఎండుతుంది. దీన్ని పొటాష్ లోపం అనుకుని మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ మాత్రం వేయకండి, దాని బరువులో సగానికి దగ్గరగా ఉండేది క్లోరైడే! సల్ఫేట్ రూపంలో ఉన్నది తీసుకోండి. స్ప్రింక్లర్లతో ఆకులు తడపడం కూడా ప్రమాదమే, ఆకు నేరుగా ఉప్పును పీల్చుకుంటుంది.

కాయలు తగ్గుతాయి, చిన్నవవుతాయి. తీపి, పులుపు రెండూ కాస్త పెరగొచ్చు, అది చూసి సంతోషపడొద్దు, కాయలోకి నీళ్లు తక్కువ వెళ్లడం వల్ల కూడా అలా అవుతుంది.

నాకు బాగా బాధ కలిగించేది అంటు సంగతి. అంటు కట్టేటప్పుడు వేళ్ల కోసం కింద వాడే మొక్కను వేరుమూలం అంటారు. క్లియోపాత్రా, రంగపూర్ నిమ్మ వేరుమూలాలు క్లోరైడ్‌ను చాలావరకు పైకి పోనివ్వవు, కారిజో లాంటివి ఆపలేవు. మొక్క కొనేటప్పుడే నీటి రిపోర్టు చేతిలో ఉండాలి, నాటాక మార్చలేం కదా.

ఇప్పుడు మేం చేస్తున్నది, నీళ్లు ఇంకే నేల కాబట్టి అప్పుడప్పుడూ అవసరానికి మించి పారించి ఉప్పును వేళ్ల కిందికి దింపడం. డ్రిప్ ఉన్నవాళ్లకు ఇంకోటి: తడి అంచుల్లో ఉప్పు గడ్డకట్టి ఉంటుంది, చిన్న వాన పడితే అదంతా వేళ్ల మీదికి వస్తుంది, కాబట్టి వాన పడుతున్నా డ్రిప్ ఆపకండి.