కోపం వస్తే మాత్ర గురించి అడక్కండి

ఆ ఎండాకాలం నాకు నిద్ర అక్కర్లేకుండా పోయింది. కాసేపు కునుకు తీస్తే చాలు, తెల్లవారుజామున లేచి వంటింటి డబ్బాలన్నీ దించి తుడిచేదాన్ని. అలసటే తెలిసేది కాదు. ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాట. అప్పు తెచ్చి ఒకేసారి నాలుగు కుట్టుమిషన్లు కొన్నాను. అందరూ ఎంత హుషారో అన్నారు. అక్క మాత్రం భయపడింది.

వానలు మొదలయ్యేసరికి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌లో ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే నాకు ఏమీ అనిపించలేదు. మామూలు దిగులైతే అలాంటి చోట కాసేపైనా తేలికపడుతుంది కదా.

మొదట వెళ్లిన చోట డిప్రెషన్ అని మాత్రలిచ్చారు. కొన్నాళ్లకు మళ్లీ నిద్ర కరువైంది, మాట పెరిగింది. తర్వాత చూసిన సైకియాట్రిస్టు అక్కనే అడిగారు: "నిద్ర లేకపోయినా చాలా హుషారుగా తిరిగిన రోజులేమైనా ఉన్నాయామ్మా?" అక్కడే బైపోలార్ అని తేలింది, అంటే కొన్నాళ్లు హద్దులేని ఉత్సాహం, కొన్నాళ్లు లోతైన దిగులు వచ్చే జబ్బు. రెండు వారాలు దాటిన దిగులు గురించి అందరూ అడుగుతారు. వారానికి పైగా హద్దు దాటిన ఉత్సాహం, చిరాకు గురించి కూడా అడగాలి. ఎందుకంటే ఈ జబ్బులో డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరికి మేనియా, అంటే ఆ హద్దు దాటిన ఉత్సాహం, రావచ్చు.

ఈ జబ్బుకు వాడే లిథియం మాత్రలు మొదలుపెట్టాక చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. చెబితే డోసు సరిచేశారు. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇస్తాను. రక్తంలో లిథియం లెవెల్ 0.6, 1.0 మధ్య ఉండేలా చూస్తున్నారు. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా తప్పవు. ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గినా, ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్ వేసుకున్నా లెవెల్ పెరిగిపోవచ్చు. అందుకే డాక్టర్ని అడగకుండా నొప్పి మాత్ర ముట్టను. ఎవరిని అడగాలో తెలియనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు షాపు నడుస్తోంది. కుట్టుకూలి ఎగ్గొడితే కోపం వస్తుంది, డబ్బు చేతికొస్తే పోతుంది. అది జబ్బు కాదు. అయినా గొంతు పెంచితే చాలు, "మాత్ర వేసుకున్నావా?" అంటారు చుట్టాలు. ఆ మాటకు ప్రాణం చివుక్కుమంటుంది. న్యాయంగా వచ్చిన కోపాన్ని కూడా జబ్బు ఖాతాలో రాసేస్తే ఇక నేనేం మాట్లాడాలి?

అక్కా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. వరసగా రెండు రాత్రులు నాకు నిద్ర తగ్గితే తను డాక్టరుకు ఫోన్ చేస్తుంది. కోపమొస్తే మాత్రం, ఎందుకొచ్చిందో నన్నే అడుగుతుంది.