స్ట్రీమింగ్ పాటకు మా ఇంట్లో జరిగిన మరమ్మతు

మా ఆంప్లిఫయర్ పక్కన ఒక చిన్న డ్యాక్ ఉంది, అంటే అంకెల రూపంలో వచ్చే పాటను స్పీకర్లకు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె. వస్తున్న సంకేతంలో సెకనుకు ఎన్ని వేల నమూనాలు ఉన్నాయో దాని ముఖం మీద అంకెల్లో కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి యూఎస్‌బీ తీగ ద్వారా ఏ పాట పంపినా అక్కడ 48 అనే వెలిగేది. నేను వినేవి చాలావరకు సీడీ ప్రమాణంలో, అంటే సెకనుకు 44,100 నమూనాలతో తయారైన పాటలు. ఎవరో దారిలో చెయ్యి పెడుతున్నారని ఆ అంకె చూశాకే అర్థమైంది. ఇంకా ఎన్ని చేతులు పడుతున్నాయో లెక్క తీయడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

అంతకు ముందు రెండేళ్లు బ్లూటూత్ మీదే విన్నాను. సీడీ ప్రమాణంలోని స్టీరియో సంగీతానికి సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో అన్ని పరికరాలకూ తెలిసిన ఎస్‌బీసీ పద్ధతి, మేలైన అమరికలో కూడా, సుమారు 328 కిలోబిట్ల దగ్గర ఆగిపోతుంది. అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి మరొకటి ఉంది. స్ట్రీమింగ్ సేవ నుంచి ఒకసారి కుదించి వచ్చిన పాటను ఫోన్ విప్పి, బ్లూటూత్ కోసం మరో పద్ధతిలో మళ్లీ కుదిస్తుంది. జిరాక్స్ కాగితానికి మళ్లీ జిరాక్స్ తీసినట్టన్న మాట. అందుకే ముందుగా తీగకు మారాను. మారాక ఈ 48 బయటపడింది.

కారణం కనుక్కోవడం కష్టం కాలేదు. సందేశాల చప్పుళ్లు, అలారం, పాట అన్నీ ఒకే దారిన బయటికి పోవాలి గనుక ఆండ్రాయిడ్ వాటన్నిటినీ ఒకే కొలతకు, సాధారణంగా 48,000 నమూనాలకు, మార్చి కలుపుతుంది. ఈ మిశ్రమాన్ని తప్పించి పాటను ఉన్నదున్నట్టుగా యూఎస్‌బీకి పంపే వీలు ఆండ్రాయిడ్ 14తో వచ్చింది గానీ, పాటల యాప్ కూడా దాన్ని వాడుకుంటేనే ఫలితం. ఆ మార్పిడి వల్ల చెవికి తెలిసేంత నష్టం జరుగుతుందని నేను వాదించను. అయినా అనవసరమైన పని ఎందుకని, పిల్లల ఆన్‌లైన్ తరగతుల కాలంలో కొని ఆ తర్వాత అలమరలో పడి ఉన్న ఐప్యాడ్‌ను అడాప్టర్‌తో డ్యాక్‌కు కలిపాను. అప్పటి నుంచి పాటను బట్టి అంకె 44.1 అనీ 96 అనీ మారుతోంది.

ఇక అమరికలు. యాపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లో లాస్‌లెస్ పాటలను, అంటే కుదింపులో ఏమీ పోగొట్టుకోని పాటలను, అదనపు రుసుము లేకుండానే ఇవ్వడం మొదలుపెట్టింది. కానీ సెట్టింగుల్లోకి వెళ్లి మనం ఆ మీట నొక్కేవరకు పాత కుదింపు పాటే వస్తుంది. పాటల మధ్య బిగ్గరతనాన్ని సమం చేసే సౌండ్ చెక్‌నూ, స్వరాల హెచ్చుతగ్గులను దిద్దే ఈక్వలైజర్‌నూ ఆపేశాను. ఐప్యాడ్ వాల్యూమ్‌ను చివరిదాకా పెంచి, తగ్గించే పనిని ఆంప్లిఫయర్ మీటకే అప్పగించాను. డిజిటల్‌గా ప్రతి 6 డెసిబెళ్లు తగ్గించినప్పుడల్లా ఒక బిట్ వాడకుండా పోతుంది. 16 బిట్ల దారిలో అది లెక్కపెట్టుకోవలసిన విషయమే.

ఇంత చేశాక, ఒక ఆదివారం మా ఆవిడను బతిమాలి, ఏది వస్తోందో నాకు చెప్పకుండా ఒకే పాటను కుదించిన రూపంలోనూ లాస్‌లెస్ రూపంలోనూ మార్చిమార్చి పెట్టించాను. 20 సార్లలో 11 సార్లు సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. రెండింటి బిగ్గరతనం ముందుగా సమం చేయకపోతే ఇలాంటి పరీక్షకు అర్థం లేదు, ఎందుకంటే ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగేదే చెవికి మేలైనదిగా తోస్తుంది. లాస్‌లెస్‌ను నేను ఇప్పటికీ వాడుతున్నాను గానీ, దాని గురించి ఎవరితోనూ గొప్పలు చెప్పుకోవడం మానేశాను.

అదీగాక లాస్‌లెస్ ముద్ర చేసే వాగ్దానం చాలా చిన్నది. పాటల కంపెనీ ఇచ్చిన దానిలో తాము మరేమీ కోయలేదని మాత్రమే సేవవారు చెబుతారు. ఆ ఇచ్చింది మంచిదో కాదో చెప్పరు. 1950లలో ఘంటసాల పాడిన సినిమా పాటలు మోనోలో, అంటే ఒకే ధ్వని మార్గంలో, రికార్డయ్యాయి. అలాంటి పాట ఒకటి వెతికితే వేర్వేరు సంకలనాల్లో నాలుగైదు ప్రతులు దొరుకుతాయి. ఒకదానిలో గరగర పోగొట్టబోయి గొంతులోని పై స్థాయి మెరుపును కూడా తుడిచేశారు, ఇంకొకదానిలో కృత్రిమమైన స్టీరియోనూ ప్రతిధ్వనినీ పులిమారు. కాస్త గరగర ఉన్నా గొంతు నిలువునా వినిపించే ప్రతిని వెతికి దాచుకోవడంలో నాకు దక్కిన లాభం ఏ కోడెక్ (కుదింపు పద్ధతి) మార్పులోనూ దక్కలేదు.

తర్వాత హమ్మింగ్ పని పట్టాను. పాట ఆగినప్పుడు స్పీకర్ల నుంచి సన్నగా ఒక హోరు వినిపించేది. ఆంప్లిఫయర్‌కు కలిపి ఉన్న తీగలను ఒక్కొక్కటిగా తీస్తూ పోగా, సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ టీవీ తీగను విప్పగానే హోరు ఆగిపోయింది. ఆంప్లిఫయర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా మా ఇంటి ఎర్తింగ్ అందుతుంది. కేబుల్ తీగ పైతొడుగు మాత్రం వీధిలో ఇంకెక్కడో నేలకు కలిసి ఉంటుంది. ఆ రెండు నేలల మధ్య ఉన్న కొద్దిపాటి తేడా వల్ల ఆడియో తీగ పైతొడుగులో 50 హెర్ట్జ్ విద్యుత్తు పారుతుంది. టీవీ నుంచి డ్యాక్‌కు ఆప్టికల్ తీగ వేసి, సెట్‌టాప్ బాక్సు ఆడియో తీగలను తీసేశాను. ఆప్టికల్ తీగలో పోయేది వెలుతురే గనుక ఆ విద్యుత్తుకు దారి తెగిపోయింది. ఇలాంటి హోరుకు విరుగుడుగా ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసేయమని కొందరు సలహా ఇస్తారు. అది ప్రాణం మీదికి తెచ్చే పని, దయచేసి చేయకండి.

ఫ్యాను మధ్య వేగంలో తిరిగేటప్పుడు మాత్రమే వచ్చే జుయ్యిమనే చప్పుడు మిగిలింది. పాత గుండ్రటి రెగ్యులేటర్ కరెంటు తరంగాన్ని సెకనుకు వందసార్లు మధ్యలో కోస్తూ వేగం తగ్గిస్తుంది, ఆ కోతల చప్పుడే తీగల్లోకి చేరుతుంది. కెపాసిటర్లతో పనిచేసే మెట్ల రెగ్యులేటర్ వేయించాక అదీ పోయింది.

ఈ మధ్యలో ఒక దుకాణంలో, రౌటర్ నుంచి వచ్చే మామూలు తీగకు బదులు చాలా ఖరీదైన ల్యాన్ తీగ వేస్తే గొంతు విచ్చుకుంటుందని చెప్పారు. ఇంటికి వచ్చి పాట మధ్యలో రౌటర్ స్విచ్ కట్టేశాను. పాట ఆగకుండా చివరిదాకా వచ్చింది. అప్పటికే పరికరం జ్ఞాపకంలో చేరిపోయి, తప్పులుంటే మళ్లీ తెప్పించుకుని సరిచూసుకున్న పాటకు ఏ తీగ ఏం చేయగలదు?

చివరికి మిగిలింది గది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు. పన్నెండు అడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ తరంగం సరిగ్గా సగం ఇముడుతుంది గనుక ఆ స్వరం వచ్చినప్పుడు గది తనే మోగుతుంది. ఆ మోత గోడల దగ్గరే అత్యధికంగా ఉంటుంది. నా సోఫా వెనక గోడకు ఆనుకునే ఉండేది. స్పీకర్లేమో టీవీ బల్ల మూలల్లో ఇరుక్కుని ఉండేవి. కొలత మైకు ఒకటి కొని, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజర్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో గీసి చూస్తే అక్కడ గోపురంలాంటి ఎత్తు కనిపించింది. స్పీకర్లను గోడకు అడుగున్నర ముందుకు తెచ్చి, కుర్చీని వెనక గోడకు మూడడుగులు ఎడంగా వేసేసరికి ఆ ఎత్తు సగానికి దిగింది. మిగిలినదాన్ని ఎంచుకున్న స్వరాన్ని మాత్రమే తగ్గించగల, డ్యాక్‌లోని పారామెట్రిక్ ఈక్వలైజర్‌తో కోశాను. ఇదీ పాట మీద చెయ్యి వేయడమే గానీ, ఈ చేతికి నా గది కొలతలు తెలుసు.

గొంతులు గరుకుగా వినిపించడానికి పక్క గోడల ప్రతిధ్వని కారణం. నేను కుర్చీలో కూర్చుని, మా అబ్బాయి చేత గోడ వెంట అద్దం జరిపించి, అందులో స్పీకర్ కనిపించిన చోట అమ్మ కుట్టిన బొంత వేలాడదీశాను. అది పై స్వరాలనే పీల్చుకుంటుంది, కింది స్వరాల జోలికి పోదు. అయినా పాడేవారు గోడల మీద నుంచి దిగి రెండు స్పీకర్ల నడుమకు వచ్చి నిలబడ్డారు. హాల్లో బొంత వేలాడటానికి ఇంట్లో అనుమతి ఆదివారం ఉదయం రెండు గంటలకే దొరికింది. తక్కిన వారమంతా అది మంచం మీద తన అసలు పనిలో ఉంటుంది.