అర పన్ను తేడా

సంక్రాంతికి ముందు మొదలైంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే బానెట్ కింద నుంచి రేకు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు గలగలమని మోత. రెండు సెకన్లు, అంతే, ఆగిపోయేది. చలికి కాబోలు అనుకున్నాను. ఏలూరులో ఇంజిన్ వణికేంత చలెక్కడిదని మా ఆవిడ నవ్వింది. పది రోజులకి పికప్ తగ్గింది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే మూడో గేరుకి దించాల్సి వచ్చేది. ఆ తర్వాత చెక్ ఇంజిన్ లైటు వెలిగింది.

తొమ్మిదేళ్ళ పాత పెట్రోలు బండి, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. బెల్టు కాదు, టైమింగ్ చైన్ ఉన్న ఇంజిన్. పిస్టన్లనీ వాల్వులనీ ఒకే లెక్కలో నడిపే గొలుసు అది. చైన్‌కి ఇక ఢోకా ఉండదని కొన్నప్పుడు ఎవరో చెప్పిన మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

దగ్గర్లో ఉన్న మెకానిక్ స్కానర్ పెడితే పీ-0016 కోడ్ వచ్చింది. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఉండాల్సిన లెక్కలో లేవని దాని అర్థం. ఆ రెండిటినీ కలిపేదే చైన్. పేరులో క్యామ్ కనబడింది కదాని క్యామ్ సెన్సర్ మార్చేశాడు. 1,800 రూపాయలు. కోడ్ చెరిపేస్తే లైటు ఆరింది, మూడో రోజు మళ్ళీ వెలిగింది. ఈసారి క్రాంక్ సెన్సర్ మారుద్దామన్నాడు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

క్యామ్ సెన్సర్ నుంచి సిగ్నలే సరిగ్గా రాకపోతే సాధారణంగా పీ-0340 లాంటి కోడ్ పడాలి. ఇక్కడ రెండు సెన్సర్లూ మాట్లాడుతున్నాయి, మాటలే కలవడం లేదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. వాల్వులు తెరుచుకోవడం, మూసుకోవడం అంతా ఆ లెక్క మీదే. ఇద్దరు సాక్షుల మాట కలవకపోతే ఒకడు అబద్ధమాడుతున్నాడనే ఎందుకనుకోవాలి? ఇద్దరూ చూసింది చూసినట్టే చెబుతున్నారేమో.

బెజవాడ ఆటోనగర్‌లో మా బావమరిదికి తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నారు. ఫోన్‌లో మోత గురించి చెప్పగానే, "నడుపుకుంటూ రావద్దు బాబూ, టోయింగ్ బండి మీద వేసుకుని రండి" అన్నారు. అరవై కిలోమీటర్లకి టోయింగా అని ప్రాణం ఉసూరుమంది. కానీ వదులైన చైన్ దారిలో చక్రం మీద నాలుగు పళ్ళు దాటిందంటే పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకుని ఉన్న వాల్వులను కొడతాయి. వాల్వులు వంగితే ఇంజిన్ పై భాగం, అదే హెడ్, దించాల్సిందే. ఆ ఖర్చు ముందు టోయింగ్ ఏపాటి?

ఆయన స్కానర్ ముట్టుకోలేదు. ముందు డిప్‌స్టిక్ లాగారు. ఆయిల్ కింది గీతకి కూడా అందడం లేదు. ఉన్నది తారులా ఉంది. "ఎప్పుడు మార్పించారు?" అంటే ఆరేడు నెలలైందన్నాను. డోరు పక్కన అంటించిన సర్వీసు స్టిక్కరు చూసి, మీటరు చూసి, "పంతొమ్మిది వేలు" అని మాత్రం అన్నారు. నేను షెడ్డు పైకప్పు వైపు చూశాను.

తర్వాత వీవీటీ ఆయిల్ కంట్రోల్ వాల్వు విప్పారు. వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్ ప్రెషర్‌తో ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు వీవీటీ. దాని సన్న జాలీలో నల్లటి మడ్డి. కడిగి బ్యాటరీ వైర్లు తాకిస్తే టిక్కుమంది. బిగించి స్టార్ట్ చేస్తే మోత అలాగే ఉంది. ఇక ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవర్ తీశారు. క్రాంక్ పుల్లీ గుర్తును సున్నాకి తెచ్చి, క్యామ్ చక్రాల మీద గుర్తులు చూడమన్నారు. రెండూ వెనకబడి ఉన్నాయి, సుమారు అర పన్ను.

ఈ అర పన్ను దగ్గరే నాకు విషయం బోధపడింది. చైన్ జంప్ అయితే పూర్తి పన్ను తేడా రావాలి, మధ్యలో ఆగదు. అరలో ఆగిందంటే చైనే పొడుగైంది. మా ఇంజిన్‌లో కింది చక్రానికి 18 పళ్ళు, పైవాటికి 36. పైన అర పన్ను అంటే క్యామ్ ఐదు డిగ్రీలు, క్రాంక్ లెక్కలో పది డిగ్రీలు ఆలస్యం. వీవీటీ చక్రం లాక్ ఊడి తిరిగిందేమోనని చేత్తో కదిపి చూశారు, గట్టిగానే ఉంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి, నాలుగింటికీ దగ్గర దగ్గరగా వచ్చింది. వాల్వు వంగితే అక్కడ ఒత్తిడి పడిపోయేది. వాల్వులు బతికే ఉన్నాయన్నమాట.

మౌంటు, పుల్లీ, ముందు కవర్ విప్పడానికి ఒక పూట పట్టింది. పాత చైన్ పక్కన కొత్తది వేలాడదీస్తే పాతది దాదాపు అర లింకు ఎక్కువ పొడవుంది. ఇనుము రబ్బరులా సాగదు. ప్రతి లింకులో పిన్ను కాస్త కాస్త అరిగి, ఆ అరుగుదలంతా కలిసి అంతయింది. చైన్ ఒరుసుకుంటూ పోయే ప్లాస్టిక్ గైడులో గాడులు పడ్డాయి. ఆయిల్ ప్రెషర్‌తో చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ముల్లు దాదాపు చివరిదాకా బయటికొచ్చేసింది. ఆయిల్ ప్రెషర్ అందేదాకా చైన్ వదులుగా కొట్టుకోవడమే ఆ పొద్దుటి గలగల. చైన్, టెన్షనర్, గైడులు, చక్రాలు అన్నీ మార్చారు. కూలితో కలిపి 21,500 అయింది.

కొత్త చైన్‌లో రంగు లింకులుంటాయి. వాటిని చక్రాల గుర్తులకు ఎదురుగా కూర్చోబెట్టి, టెన్షనర్‌ను నొక్కిపట్టిన పిన్ను లాగారు. పుల్లీ బోల్టుకి పానా పెట్టి, సెల్ఫ్ జోలికి పోకుండా చేత్తో రెండు చుట్లు తిప్పారు. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకూడదట. తగల్లేదు. కానీ రంగు లింకులు ఎక్కడికో వెళ్ళిపోయాయి! గుండె జారింది. "లింకులు చూడకండి, చక్రాల గుర్తులు చూడండి" అన్నారు మేస్త్రి. గుర్తులు చెక్కినట్టు కలిశాయి. రంగు లింకులు బిగించేటప్పుడు మాత్రమే పనికొస్తాయట, తిరిగాక మళ్ళీ కలవాలంటే చాలా చుట్లు పడుతుంది.

కవర్‌కి రాసిన సీలెంట్ ఆరాలని ఆ రాత్రి ఆయిల్ పోయలేదు. పొద్దున్న పోసి స్టార్ట్ చేశారు. మొదట్లో టెన్షనర్ నిండేదాకా ఒక్కసారి గలగలమంది, నా ముఖం చూసి ఆయన చెయ్యెత్తారు. ఆపి మళ్ళీ కొడితే నిశ్శబ్దం.

అయిదు నెలలైంది. లైటు వెలగలేదు. మూడో గేరు అవసరం లేకుండానే ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను. మొదట పీకేసిన సెన్సర్ గ్లవ్ బాక్సులోనే ఉంది. మేస్త్రి దాన్ని కూడా పెట్టి చూశారు, బ్రహ్మాండంగా పనిచేస్తోంది.