పెద్దలు కూడబెట్టింది

గుంటూరు, శనివారం.

ఉదయం కాఫీ తాగుతూ ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారం చేసే భక్తిరంజని వినడం నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో ఉన్న అలవాటు. అది ముగిశాక మరో స్టేషన్ పెడితే ఈమధ్యే విడుదలైన ఒక సినిమా పాట వచ్చింది. పల్లవి, రెండు చరణాలు గడిచినా ఒక్క మాట కూడా చెవికి స్పష్టంగా ఆనలేదు. హుషారు పాటలంటే నాకు అయిష్టం లేదు. అవి అన్ని కాలాల్లోనూ ఉన్నాయి, ఉండాలి కూడా. అయితే వెనుకటి హుషారు పాటలో మాట వినిపించేది, పాడేవారికి ఒత్తులు పలికేవి, స్వరపరిచినవారికి ఆ పాట ఏ రాగం నీడలో నడుస్తున్నదో తెలిసి ఉండేది.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే నాకు ప్రతిసారీ ఘంటసాలగారి విద్యార్థి దశ గుర్తుకు వస్తుంది. ఆయన చదువుకున్న విజయనగరం సంగీత కళాశాలను పూసపాటి రాజులు 1919లో నెలకొల్పారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ఘంటసాలగారు అక్కడ పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద పాట నేర్చుకుంటూ, పూట గడవక, ఆ ఊరి వీధుల్లో మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. అంటే కోట్ల మంది పాడుకున్న ఆ గొంతు వెనుక ఒక సంస్థానపు దాతృత్వం, ఒక కళాశాల, ఒక గురువు, ఎవరి బిడ్డో అయిన విద్యార్థి జోలెలో అన్నం వేసిన గృహిణులు ఉన్నారు. వీటిలో ఏ ఒక్కదానినీ సినిమా పరిశ్రమ తయారు చేయలేదు. తయారై ఉన్నదానిని తెచ్చుకుని వాడుకుంది. మాటలకూ నటనకూ కూడా అలాగే జరిగింది: 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజం, ఊరూరా తిరిగిన పద్యనాటక బృందాలు, తిరునాళ్లలో తెల్లవార్లూ సాగిన హరికథలు కలిసి ఒక భాషనూ, దానిని అర్థం చేసుకోగల ప్రేక్షకులనూ సిద్ధం చేసి పెట్టాక మన సినిమా పుట్టింది. పెద్దలు కూడబెట్టిన సొమ్మును రెండు మూడు తరాల వారు ఖర్చు పెట్టుకున్నారు, తిరిగి జమ చేసినవారు తక్కువ. సంప్రదాయవాదినని నన్ను నేను చెప్పుకోవడానికి కారణం ఇంతే. పాతదంతా మంచిదన్న నమ్మకం నాకు లేదు కానీ, మంచిదైనదేదీ ఒక్క రోజులో తయారు కాదన్న నమ్మకం బలంగా ఉంది.

మధ్యాహ్నం భోజనానికి చెల్లెలి కొడుకు వచ్చాడు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. తెలివైనవాడు, మర్యాద తెలిసినవాడు. నా మాటలన్నీ విని, "జనం చూస్తున్నారు కాబట్టే తీస్తున్నారు మావయ్యా, జనానికి ఏం కావాలో నువ్వెలా చెప్తావు?" అన్నాడు. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన శంకరాభరణం సంగతి అప్పుడు వాడికి చెప్పాను. అందులో ప్రధాన పాత్ర ధరించిన జె.వి.సోమయాజులుగారు పేరున్న సినిమా హీరో కాదు, రంగస్థలం మీద కన్యాశుల్కం నాటకంలో గిరీశంగా పేరు తెచ్చుకున్న డిప్యూటీ కలెక్టరు. కథానాయకుడు వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. ఆ సినిమాను జనం నెత్తిన పెట్టుకున్నారు, ఆరోగ్యకరమైన వినోదం అందించిన జనరంజక చిత్రంగా జాతీయ పురస్కారమూ వచ్చింది. ఆనాటి జనం వేరే లోకం నుంచి దిగివచ్చినవారు కారు. వారిలో ఉన్న మేలైన అభిరుచిని నమ్మి దర్శకులు కె.విశ్వనాథ్‌గారు తీశారు, వారు వచ్చి చూశారు. పైగా ఆ విద్వాంసుడు శంకరశాస్త్రి, సంప్రదాయాన్ని గోడగా కట్టుకుని లోపల కూర్చున్న మనిషి కాడు. లోకం వేలెత్తి చూపినా వేశ్య ఇంట పుట్టిన తులసికి ఆశ్రయం ఇచ్చాడు, చివరికి ఆమె కొడుకుకే తన విద్యను అప్పగించాడు. నేను కోరుకునే సంప్రదాయం అది. మావాడు ఒప్పుకోలేదు గాని, సాయంత్రం చూస్తానని ఆ సినిమా పేరు రాసుకున్నాడు.

మేము మాట్లాడుకుంటుండగానే పై అంతస్తు నుంచి పాట మొదలైంది. అక్కడి పాప మూడో తరగతి చదువుతున్నది. పాఠశాల వార్షికోత్సవం కోసం ఇంటిల్లిపాదీ ఆ పిల్ల చేత నాట్యం సాధన చేయిస్తున్నారు. ఎంచుకున్నది ఒక ఐటం సాంగ్. ఆ పాటలోని మాటల అర్థం ఆ పసిదానికి తెలియదు, తెలిసిన పెద్దలు చప్పట్లు కొడుతున్నారు. నాకు ఈ రోజంతటిలో నిజంగా బాధ కలిగించినది ఇదే. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ అసభ్యమైన నృత్యభంగిమల విషయంలో సినిమావారిని హెచ్చరించింది, మంచిదే. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించి ఏడు, పదమూడు, పదహారు ఏళ్ల వయోవిభాగాలతో ధ్రువపత్రాలు ఇచ్చే ఏర్పాటు కూడా చేశారు. అయితే సినిమా హాలుకు రావడానికి ఎన్నో వారాల ముందే దాని పాట ఫోనులో ఇంటింటికీ చేరుతున్నప్పుడు హాలు గుమ్మం దగ్గర వయసు అడిగి ఏం ప్రయోజనం? నిషేధాల మీద నాకు నమ్మకం లేదు. ఇది ఇంట్లో తల్లిదండ్రులూ, బడిలో ఉపాధ్యాయులూ అడ్డుచెప్పవలసిన విషయం. వారు ఆ బాధ్యతను వదులుకున్న చోట ఏ కమిషనూ ఏమీ చేయలేదు.

మావాడు వెళ్లాక వేయిపడగలు తీసి, నిరుడు ఆపిన చోటి నుంచి చదివాను. వేయి పడగలతో సుబ్బన్నపేటను కాచిన సుబ్రహ్మణ్యేశ్వరుడి పడగలు ఒక్కొక్కటిగా రాలిపోయి, చివరకు దాంపత్య ధర్మానికి గుర్తుగా రెండు మిగలడం ఆ నవలకు ప్రాణం. విశ్వనాథ సత్యనారాయణగారు సమర్థించిన ప్రతిదానినీ నేను సమర్థించలేను. పుట్టుకను బట్టి మనిషి స్థానాన్ని నిర్ణయించే వ్యవస్థ పోవలసిందే, పోయినందుకు విచారించను. కానీ గుడి, బడి, చెరువు, పంట, పండుగ ఒకదానినొకటి పట్టుకుని నిలబడతాయనీ, ఒకటి కూలినప్పుడు మిగిలినవి కూడా కదులుతాయనీ ఆయన చూసినంత లోతుగా మరెవరూ చూడలేదు. ఆయనను తిరోగమనవాది అని ఒక్క మాటతో పక్కన పెట్టేవారిలో చాలామంది ఆ పుస్తకం తెరవలేదని నా అనుమానం.

ఆ నవలను సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించినవారు పి.వి.నరసింహారావుగారు. ముఖ్యమంత్రిగా భూపరిమితి సంస్కరణలకు పట్టుబట్టినదీ, 1991లో ప్రధానిగా పరిశ్రమల మీద లైసెన్సుల బంధనాలను సడలించినదీ ఆయనే. ఆ మూడూ ఒకే మనిషి చేసిన పనులు. ఆయన సడలించిన ఆ విధానాన్ని పర్మిట్-లైసెన్స్ రాజ్యమని నిందిస్తూ రాజాజీ 1959లోనే స్వతంత్ర పార్టీని స్థాపించారు. ఆ పార్టీకి తొలి అధ్యక్షులు మా జిల్లా నిడుబ్రోలు వాస్తవ్యులైన ఆచార్య ఎన్.జి.రంగాగారు. ఆ ఏడాది జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసినప్పుడు, రైతుకు తన పొలం మీద ఉన్న హక్కు పోతే అతని స్వేచ్ఛ కూడా పోతుందని రంగాగారు ఎదిరించి నిలిచారు. 1967లో 44 లోక్‌సభ స్థానాలు గెలిచిన ఆ పార్టీ 1974 నాటికి మరో పార్టీలో కలిసిపోయింది. ఆస్తి హక్కు 1978 నాటి రాజ్యాంగ సవరణతో ప్రాథమిక హక్కుల జాబితా నుంచే తొలగింది.

నా రాజకీయం ఆ దారిలోనిది. అందుకే ఈనాటి ఏ పార్టీలోనూ నాకు పూర్తిగా ఇల్లు దొరకదు. 1984లో ఊరి భూముల లెక్కలు చూసే కరణం, శిస్తు వసూలు చేసే మునసబు పదవులు రద్దయ్యాయి. ఆ వ్యవస్థలో అన్యాయం ఉన్న మాట నిజమే కానీ, ఊరి సరిహద్దులూ గట్లూ తెలిసిన జ్ఞానం ఎవరికి అప్పగించాలో ఆలోచించకుండానే వారిని ఇంటికి పంపారు. తెలంగాణలో 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను తీసివేసి, మళ్లీ 2025లో గ్రామ పాలనాధికారులను నియమించారు. మన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1985లో రద్దయి 2007లో తిరిగి వచ్చింది. 2020లో మరోసారి రద్దుకు తీర్మానించి, 2021లో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకున్నారు. రైతు తాతల నాటి భూమికి ఇచ్చిన పాసు పుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ ముద్రించారు, ప్రభుత్వం మారాక దాని స్థానంలో రాజముద్ర వేశారు. భూమి హక్కు చట్టాన్ని (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) తెచ్చినవారికీ, 2024లో దానిని రద్దు చేసినవారికీ నేను అడగదలచినది ఒకటే: ఊళ్లో నలుగురు పెద్ద రైతులనూ, నలుగురు కౌలుదార్లనూ, ఒక సర్వేయరునూ కూర్చోబెట్టి ముందుగా ఒక్క పూట వినడానికి ఎందుకు తీరిక లేకపోయింది?

పై అంతస్తు పాప తల్లి నాకు కూతురు వయసుది, బాబాయిగారూ అని పిలుస్తుంది. రేపు ఆదివారం కాబట్టి అందరూ ఇంట్లోనే ఉంటారు, వెళ్లి మాట్లాడతాను. తప్పు పట్టడానికి కాదు. మా మరదలు కోలాటం పాటలు చాలా నేర్చుకున్నది, కావాలంటే వారం రోజుల్లో పాపకూ, దాని స్నేహితురాళ్లకూ ఒకటి నేర్పుతానన్నది. వార్షికోత్సవానికి ఇంకా సమయం ఉంది.