దీన్ని పరుగంటారా?

పదకొండు దాటింది. పిల్లలు పడుకున్నారు. రేపటికి పిండి రుబ్బేశాను, పిక్కలకు కొబ్బరినూనె రాసుకున్నాను, అయినా నిద్ర రావట్లేదు. కారణం చెబితే మీరు నవ్వుతారు. పొద్దున వైజాగ్ బీచ్ రోడ్డు మీద నేను జాగింగ్ చేస్తుంటే ఒకావిడ నన్ను దాటి వెళ్లిపోయింది.

దాటడంలో వింతేం లేదు. రోజూ అందరూ దాటుతూనే ఉంటారు. నేవీ కుర్రాళ్లు గుంపుగా వస్తారు, గాలి తగిలేలోపు మాయమైపోతారు. యూనివర్సిటీ పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని దాటుతారు. మఫ్లరు కట్టుకున్న రిటైర్డ్ మాస్టారొకాయన "కమాన్ అమ్మా" అంటూ దాటుతారు. వాళ్లెవరి మీదా నాకు కోపం లేదు. కానీ ఈవిడ పరిగెత్తట్లేదు. నడుస్తోంది. కార్తీకమాసం కదా, సముద్రస్నానం చేసి వస్తోంది. తడి చీర, భుజాల చుట్టూ తువ్వాలు, కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో ప్లాస్టిక్ బుట్ట, అందులో మిగిలిపోయిన అరటిదొప్పలు, ఒత్తుల డబ్బా. నేను ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరీన్ దాటి కాళీమాత గుడి వైపు పోతున్నాను. తడి కుచ్చిళ్ల చప్పుడు వెనక నుంచి దగ్గరకొచ్చింది, పక్కకొచ్చింది, ముందుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ నా బూట్ల వైపు ఒక చూపు చూసింది. నాలుగువేలు పోసి కొన్న బూట్లు. ఆ ధర ఆవిడకు తెలిసిపోయిందనే నా అనుమానం.

అక్కడితో అయిపోతే బాగుండేది. చీకట్లో ఒక్కదాన్నీ పంపడం ఇష్టం లేక మా ఇంటాయన తోడొస్తున్నారు కదా. తోడంటే ఈయనా పరిగెడతారని కాదు, గోడ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటారు. ఇంట్లో గ్యాస్ వాసనొచ్చినా ఫోన్లోంచి తల ఎత్తని మనిషి సరిగ్గా ఆ నిమిషంలోనే ఎత్తారు. "దీన్ని పరుగంటారా? నిలబడి ఊగడం అంటారు" అన్నారు. ఇంటికొచ్చాక ఉప్మా తింటూ అత్తయ్యగారికి చెప్పారు, నేనెలా ఊగానో, ఆవిడ ఎలా నడిచిందో యాక్షన్ చేసి మరీ. చిన్నది అది చూసి హాల్లో ఆ చివర్నుంచి ఈ చివరికి ఊగింది. అత్తయ్యగారు నవ్వు ఆపుకుని "పోనీలేరా, వెళ్తోంది, అదే పదివేలు" అన్నారు. నవ్వినా ఇంత మండేది కాదు.

మధ్యాహ్నానికల్లా వార్త హైదరాబాద్ చేరింది. మా వదిన సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. ఫ్యామిలీ గ్రూపులో సూర్యోదయం బొమ్మ, దాని మీద "21 రోజులు ఆపకుండా చేస్తే ఏదైనా అలవాటైపోతుంది, ఒక్కరోజు మానినా మళ్లీ మొదటికే" అని అక్షరాలు, కింద నా పేరు, మూడు దండాలు.

ఈ 21 రోజుల లెక్క నాకెప్పుడూ మింగుడుపడదు. లంచ్ టైములో కూర్చుని వెతికాను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని ఒక ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకం రాశాడు. ముక్కో మొహమో సరిచేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడటానికి తక్కువలో తక్కువ 21 రోజులు పడుతోందని అందులో అన్నాడు. ముక్కు ఆపరేషన్ల మీద చెప్పిన మాట తిరిగి తిరిగి మా వదిన చేతికొచ్చేసరికి నా జాగింగ్ మీద తీర్పయింది. లండన్‌లో, యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ అనే ఆవిడ బృందం నిజంగా మనుషుల్ని పెట్టి చూసి 2009లో ప్రకటించిన లెక్క వేరు. సగటున 66 రోజులు. కొందరికి 18 రోజులకే అలవాటైతే, కొందరికి 254 దాకా పట్టేలా ఉందట. మధ్యలో ఒక్కరోజు మానితే కొంప మునిగిందేమీ లేదని కూడా తేలింది. ఇదంతా టైప్ చేశాను, చదువుకున్నాను, చెరిపేశాను. వదినతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.

సాయంత్రం బస్సులో నిలబడి ఒక నిర్ణయానికొచ్చాను. జాగింగ్ వద్దు, నడక చాలు. నడకలో ఏం తక్కువ? పక్కటెముకల కింద పోటు రాదు, మోకాలి కింద ఎముక సలపదు. మనూళ్లో కార్తీకంలో కూడా పొద్దున్నే ఒళ్లంతా జిగటే, దానికి తోడు ఈ ఎగశ్వాస దేనికి? మనిషి నడవడానికే పుట్టాడు. బూట్లు పెద్దోడికి ఇచ్చేయొచ్చు, వాడి కాలు ఎలాగూ నా సైజు దాటబోతోంది. బస్సు మద్దిలపాలెం దాటేసరికి మనసు తేలికపడింది. మిమ్మల్ని కూడా నడవమని ఒక టపా రాసేద్దామనుకున్నాను.

పెద్దోడు ఒప్పుకోలేదు. నాకీ ప్లాన్ వేసిచ్చింది వాడే. నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, అలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే, మిగతా రోజులు కాళ్లకు సెలవు. తొమ్మిది వారాలయ్యేసరికి అరగంట ఆగకుండా పరిగెత్తగలగాలట. కాగితం మీద ఎంత మర్యాదగా ఉందో! ఆ నిమిషం ఎంత పొడుగో మాత్రం కాగితం మీద కనపడదు. పొయ్యి మీద పాలు పెట్టి పక్కకు తిరిగితే ఇట్టే అయిపోయే నిమిషం, రోడ్డు మీద ఎంతకీ అవ్వదు.

"అమ్మా, స్లోగా పరిగెత్తడమే కరెక్ట్" అన్నాడు వాడు. జపాన్‌లో ఫుకువోకా యూనివర్సిటీ ప్రొఫెసర్ హిరోఆకి తనాకా దీన్నే ఒక పద్ధతిగా నేర్పాడట. నవ్వుతూ, పక్కవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత వేగం చాలు, నడిచేవాళ్లు దాటిపోయినా సిగ్గుపడక్కర్లేదు అని. అదే వేగంతో నడిచినదానికంటే పరుగు అడుగులకే ఎక్కువ శక్తి ఖర్చవుతుందట. అడుగులు చిన్నగా వెయ్యాలట, మడమ దబ్బున పడకూడదట. వినడానికి బాగానే ఉంది. నవ్వుతూ అన్నాడు, ఎవరు నవ్వాలో చెప్పలేదు. మా ఇంట్లో నేను తప్ప అందరూ నవ్వుతున్నారు.

ఆ కబురు చెబుదామని తమ్ముడికి ఫోన్ చేశాను. ఇవాళ నిద్రపట్టకపోవడానికి బుట్టావిడ కన్నా వాడే ఎక్కువ కారణం.

వాడి పరుగు మీకెప్పుడూ చెప్పలేదు కదూ. నేను డిగ్రీలో ఉన్నప్పుడు, మా ఊరి కుర్రాళ్లంతా తెల్లారగట్ల నాలుగింటికి వంశధార కాలువ గట్టెక్కేవారు. శ్రీకాకుళం వైపు ఎవరినడిగినా చెబుతారు, ఇంటర్ అవ్వగానే సగంమంది మగపిల్లల చూపు సైన్యంలోకి తీసుకునే ఆర్మీ ర్యాలీ మీదే. సుమారు మైలు దూరం, అంటే 1600 మీటర్లు, ఐదున్నర నిమిషాల్లో కొట్టాలని వీళ్ల పట్టుదల. గట్టు మీద మైలు రాళ్లెక్కడివి? నాన్న సైకిల్ చక్రం చువ్వకు ఎర్రగుడ్డ పీలిక కట్టి, సైకిల్ నడిపించుకుంటూ పోతూ ఆ పీలిక ఎన్నిసార్లు కిందికొచ్చిందో లెక్కపెట్టారు. ఏడువందల పైచిలుకు చుట్లు. అటు చివర తాటిమొద్దు, ఇటు చివర తూము. తూము మీద నాన్న హెచ్.ఎం.టి. వాచీ పట్టుకుని, దుప్పటి కప్పుకుని నేను. అందరికీ కలిపి ఒకే వాచీ, ఆ వాచీకి నేనే ఆఫీసర్ని. ముందు చీకట్లో ఎవరూ కనపడేవారు కాదు, మట్టి మీద వట్టికాళ్ల దబదబ మాత్రం వినపడేది. ఆ చప్పుడు బట్టే మావాడు ఎన్నో స్థానంలో ఉన్నాడో చెప్పేదాన్ని, వాడు కుడికాలు కాస్త ఈడ్చేవాడు. పరుగయ్యాక తూము కింద వాంతి చేసుకునేవాడు. ఇంటికొస్తే మామ్మ నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క చేతిలో పెట్టి "ఒరే, ఎవరు తరిమేరురా నిన్ను" అనేది రోజూ.

మొదటి ర్యాలీలో టైమయిపోగానే అడ్డంగా తాడు లాగేశారట. తాడుకి అటున్నవాళ్లు ఉన్నట్టు, ఇటున్నవాళ్లు ఇంటికి. మావాడి ఛాతీకే తగిలిందట తాడు. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం తినలేదు. మూడోరోజు తెల్లారగట్ల నేను లేచేసరికి మంచం ఖాళీ. తర్వాతి ర్యాలీలో కొట్టాడు. ఊరంతా మిఠాయిలు పంచాం. ఆ తర్వాత పదిహేడేళ్లు వాణ్ని ప్రభుత్వమే పరిగెత్తించింది, బూట్లేసి, వీపున సామాను కట్టి, చేతికి తుపాకీ ఇచ్చి. పెన్షన్ తీసుకుని వచ్చి ఇప్పుడు ఒక బ్యాంకు గుమ్మం దగ్గర గార్డుగా కూర్చుంటున్నాడు. వచ్చిన రోజు నుంచి ఒక్క అడుగు పరిగెత్తింది లేదు. బొజ్జ వచ్చింది. బస్సు కదిలిపోతున్నా పరిగెత్తడు, ఇంకోటొస్తుందిలే అంటాడు.

వాడు నా కథంతా విని నవ్వలేదు. "నీకేటి ర్యాలీ ఉందేటప్పా? ఎందుకు పరిగెడతన్నావు?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. "నాకైతే పరుగంటే ఒళ్లుమంట. అప్పుడూ మంటే. ఉద్యోగం కోసం కదా" అన్నాడు. వాడు గట్టు మీద ఇష్టంగా పరిగెడుతున్నాడని ఇన్నేళ్లూ నేననుకుంటున్నాను. వాచీ పట్టుకున్నది నేనే, ఒక్కసారి కూడా అడగలేదు.

ఎందుకు పరిగెడుతున్నాను? షుగర్ రాకూడదని మొదలుపెట్టాను, కానీ దానికి నడక చాలని డాక్టరమ్మే చెప్పింది. సన్నబడతానని అనుకున్నాను, ఆకలి పెరిగి రెండు ఇడ్లీలు ఎక్కువ తింటున్నాను. ఆఫీసులో పిల్లలేమో డిసెంబర్‌లో నేవీ మారథాన్ ఉంది, 5కెకి పేరిచ్చేయండి మేడం, టార్గెట్ ఉంటే మోటివేషన్ దానంతటదే వస్తుంది అంటున్నారు. నిన్నటిదాకా నాకూ నిజమే అనిపించింది. డబ్బులు కట్టేస్తే ఆ బాధకైనా లేస్తాం కదా. ఇప్పుడు తమ్ముణ్ని తలుచుకుంటే భయం వేస్తోంది. టార్గెట్ కోసం పరిగెత్తినవాడు అది రాగానే ఆగిపోయాడు. నేను డిసెంబర్‌లో ఆ ఐదు కిలోమీటర్లూ ఊగి, మెడలో మెడల్ వేయించుకుని ఫోటో దిగి, జనవరి నుంచి బూట్లు అటకెక్కిస్తే?

అలాగని టార్గెట్ తప్పనీ అనలేను. ఆ తాడే లేకపోతే వాడు నాలుగింటికి లేచేవాడా? ఛాతీకి తగిలింది కాబట్టే మూడోరోజు లేచాడు. నాకేమో తగలడానికి తాడు లేదు, తడి చీర అంచు తప్ప.

వాడికి ఫోన్‌లో చెప్పలేకపోయింది ఒకటుంది. సబ్‌మెరీన్ ఎదురుగా టీయూ-142 విమానం ఉంటుంది కదా, అది దాటాక మొన్నొకరోజు కాసేపు ఊపిరి, అడుగు రెండూ కలిశాయి. కాళ్లు నా ప్రమేయం లేకుండా పోతున్నాయి. నిమిషం అయిపోయిందని ఫోన్ మోగినా ఇంకాస్త దూరం పోయాను. అంతే. దీన్ని పదిహేడేళ్లు పరిగెత్తినవాడికి ఏమని చెప్పను?

సరే, 5కెకి ఈ ఏడాదికి పేరివ్వట్లేదు. మానేయడం కూడా లేదు. బూట్లు నావే. వదినకు రోజుల లెక్క చెప్పను. తడి చీరావిడ ఉండే టైముకు కాస్త ముందే వెళ్తే మంచిదేమో, లేదా పోటీ పడి ఒకసారి... వద్దులే, పుణ్యానికి పోయే మనిషితో పోటీ ఏమిటి.

అసలు టెన్షన్ ఇప్పుడు వేరే ఉంది. ఈయన రేపు పొద్దున్నే విజయవాడ క్యాంపుకు పోతున్నారు, నాలుగు రోజులు తోడు లేదు. బీచ్ రోడ్డుకు భయం లేదు, పొద్దున పూట అటు బండ్లు కూడా రానివ్వరు, బోలెడు జనం. మా పెదవాల్తేరు సందు మలుపులో కుక్కలతోనే ఇబ్బంది. ఈయన స్కూటర్ మీద పోతుంటే పట్టించుకోవు, నేను బూట్లేసుకుని ఒక్కదాన్నే నడిస్తే లేచి నిలబడతాయి. అత్తయ్యగారు కర్ర పట్టుకెళ్లమంటున్నారు, చిన్నది బిస్కెట్లు వెయ్యమంటోంది. కర్ర చూస్తే ఇంకా మీద పడతాయని మాస్టారు చెప్పారు. మీలో ఎవరికైనా అనుభవం ఉంటే తెల్లారేలోపు చెప్పండి, ఐదింటికి అలారం పెట్టాను.