బ్రిటన్ జీపీ శిక్షణలో ఈ-పోర్ట్‌ఫోలియో: నా అనుభవం

ఆంధ్రలో ఎంబీబీఎస్ చదివే రోజుల్లో పరీక్షల ముందు కూర్చుని రికార్డులన్నీ రాసి, సంతకాలు చేయించుకోవడమే మాకు తెలిసిన పద్ధతి. బ్రిటన్‌లో జీపీ (కుటుంబ వైద్యుల) శిక్షణలో చేరాక అది ఇక్కడ చెల్లదని తెలిసింది. జీపీ కావడానికి కావలసిన ఎంఆర్‌సీజీపీ అర్హతకు రెండు పరీక్షలు నెగ్గితే చాలదు. మూడేళ్లూ పనిచేసే చోట జరిగే మూల్యాంకనం కూడా అందులో భాగం. అదంతా ఈ-పోర్ట్‌ఫోలియో అనే ఆన్‌లైన్ రికార్డులోకి ఎక్కాలి. ప్రతి ఎంట్రీకీ తేదీ ఉంటుంది కనుక చివర్లో ఒక్కసారిగా నింపితే చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

నా శిక్షణ కాలంలో ఏడాదికి 36 కేసుల సమీక్షలు రాయాల్సి ఉండేది. వాటి ద్వారా 13 సామర్థ్యాలకు ఆధారాలు చూపాలి. ఇవి కాక సూపర్‌వైజర్ పరిశీలనలు, సహోద్యోగుల, రోగుల అభిప్రాయాలు. ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్ అన్నీ చదివి నివేదిక ఇస్తారు. మనల్ని పై ఏడాదికి పంపాలా వద్దా అన్నది ఏటా ప్రగతిని సమీక్షించే ఏఆర్‌సీపీ ప్యానెల్ తేలుస్తుంది.

సంఖ్య పూర్తి చేయడం కష్టం కాదు. మన ఆలోచన ఎలా సాగిందో రాయడమే కష్టం. ఒకసారి తలనొప్పితో ఒకాయన వచ్చారు. పరీక్షలో అంతా మామూలుగానే ఉంది. ‘దేని గురించి భయపడుతున్నారు?’ అని చివర్లో అడిగితే, తన అన్నయ్య మెదడులో కణితితో పోయారని చెప్పారు. నా ఎంట్రీ నిండా పరీక్షలు, మందులే; ఈ సంగతి ఒక్క వాక్యం. సూపర్‌వైజర్ సరిగ్గా ఆ వాక్యాన్నే పట్టుకుని, ‘ఆ ప్రశ్న మీకు అప్పుడే ఎందుకు తోచింది? రేపు పది నిమిషాల్లో మరో రోగి నోరు విప్పకపోతే ఏం చేస్తారు?’ అని రాశారు.

జవాబుకు ఒక సాయంత్రం పట్టింది. స్కాన్ అవసరమా అని ఆయన రెండుసార్లు అడగడమే నన్ను ఆపిందని రాస్తుండగా గుర్తొచ్చింది. అప్పటినుంచి ఆ ప్రశ్నను మొదట్లోనే అడగడం అలవాటు చేసుకున్నాను. కొన్ని వారాల తర్వాత నా కన్సల్టేషన్‌ను పరిశీలించిన సూపర్‌వైజర్ ఈ మార్పును తన నివేదికలో నమోదు చేశారు. మార్కుల జాబితాలో ఇలాంటిది ఎక్కడ కనబడుతుంది?

మనసు విప్పి రాయడానికి జంకేవాళ్లు చాలామంది. ఒక బాలుడి మృతికి దోషిగా తేలిన శిక్షణలోని డాక్టర్ బావా-గార్బా పేరును 2018లో వైద్యుల రిజిస్టర్ నుంచి తొలగించాక, తమ రాతలే తమకు ఎదురు తిరుగుతాయేమోనన్న ఆ భయం మరీ పెరిగింది. ఫిర్యాదులపై విచారణకు ఈ రాతలను అడగబోమని వైద్యుల నియంత్రణ సంస్థ జీఎంసీ అదే ఏడాది మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. రోగిని గుర్తుపట్టగల వివరాలు మాత్రం ఒక్కటీ ఉండకూడదు. నేను వయసు కూడా ‘మధ్యవయస్కుడు’ అనే రాసేదాన్ని.

శిక్షణ ముగిసినా రాత ఆగలేదు. ఏటా అప్రైజల్ (పనితీరు సమీక్ష), ఐదేళ్లకోసారి రీవాలిడేషన్ (వైద్యం చేసే లైసెన్సు కొనసాగింపుకు పరిశీలన) ఉంటాయి. ఈసారి వృద్ధులకు అవసరం తీరిన మందులు తగ్గించడంపై ఎంట్రీలు పెడుతున్నాను. నిద్రమాత్రలు మానడానికి ఒప్పుకోని వారితో ఎలా మాట్లాడాలన్నది ఇంకా తేలలేదు.